ఆదివారం పదకొండు గంటలకు

నా నోరు మంచిది కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు. రేషను దగ్గర వరస తప్పినవాణ్ని, బస్సులో ఆడవాళ్ల సీట్లో కాళ్లు బారజాపినవాణ్ని, ఎవరినీ వదలను. అందుకే బడిపిల్లల తల్లులంతా కలిసి నన్ను బడి కమిటీకి చైర్మన్ని చేశారు. సునీతయితే ఎవరికీ భయపడదు, అడగాల్సింది మొహం మీదే అడుగుతుంది అన్నారు. నేనూ పొంగిపోయాను. అంత నోరున్నదాన్ని, తెరవాల్సిన ఒక్క పూట మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెప్పేది ఆ పూట సంగతే.

మాది తర్లుపాడు మండలం. ఊళ్లో సగం మంది పలకల పనిలో ఉంటారు, మిగతా సగం కంది చేలల్లో, పత్తి చేలల్లో. నేను బట్టలు కుడతాను. మా ఆయన రామాంజన్న దగ్గర ట్రాక్టరు తోలేవాడు. రామాంజన్నది పలకలు కోసే కార్ఖానా. మా అమ్మాయి పావని ఊళ్లోని సర్కారు బడిలోనే ఏడో తరగతి.

ఆ బడి కట్టి అరవై ఏళ్లు దాటింది. వానొస్తే ఆరో తరగతి వాళ్లు ఏడో తరగతిలోకి, ఏడో తరగతి వాళ్లు వరండాలోకి జరిగేవాళ్లు. మరుగుదొడ్డికి తలుపుండేది కాదు. ఆడపిల్లలు పొద్దున్నే నీళ్లు తాగకుండా వచ్చి మధ్యాహ్నం దాకా ఓర్చుకునేవాళ్లు. నేను చదివినప్పుడూ అంతే, నా కూతురు చదివేటప్పుడూ అంతే. పోయినేడు బడులు బాగుచేసే పథకంలో మా బడి పేరు వచ్చిందని తెలిసినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పైకప్పు, మరుగుదొడ్లు, మంచినీళ్ల ట్యాంకు పథకం కింద వస్తాయి, ప్రహరీగోడ మాత్రం ఊరే కట్టుకోవాలి అన్నారు. ఏది ఎక్కడ రావాలో కూడా ఊరే కూర్చుని తేల్చుకుని, తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఇంజనీరుకి ఇవ్వాలి. మా హెడ్మాస్టరు వెంకటస్వామి సారు గిద్దలూరు మనిషి. మార్కాపురంలో అద్దెకుంటూ రోజూ స్కూటరు మీద వస్తారు. అన్నీ పద్ధతిగా జరగాలంటారు. ఊళ్లో ఒక్కరి మాట కూడా తప్పిపోకూడదమ్మా అని నాకు పదిసార్లు చెప్పారు.

బడికి వెనకవైపు పాలెం ఉంది. యాభై గడప. అందరూ క్రైస్తవులే, కూలిపనుల మీద బతికేవాళ్లే. బడికీ పాలేనికీ నడుమ రామాంజన్న కార్ఖానా యార్డు, దాని అంచున పాత డొంక దారి. పలకలు కోయగా మిగిలిన రాయి కుప్పలు ఏటేటా జరుగుతూ ఆ డొంకని కూడా మింగాయి కానీ, మనిషి నడిచేంత దారి మిగిలింది. బడి పాత గోడ వెనక పడిపోయి చాలా ఏళ్లయింది. అక్కడున్న ముళ్లకంచెలో ఒక సందు. పాలెం పిల్లలు నాలుగు నిమిషాల్లో ఆ సందులోంచి బడిలోకొచ్చి పడేవాళ్లు. రోడ్డు మీదుగా రావాలంటే మాత్రం ఊరంతా చుట్టి, బస్సులు ఆగే చోటు దాటి రావాలి. ఒకటిన్నర కిలోమీటరు తక్కువుండదు.

ఆ పిల్లల్లో కెజియా ఒకతి. రేచల్ కూతురు, పావని తరగతే. మా వైపు నీళ్లల్లో ఫ్లోరైడు ఎక్కువ. కొందరికి పళ్ల మీద మరకలతో పోతుంది, కెజియాకి మోకాళ్లలోకి దిగింది. రెండు మోకాళ్లూ లోపలికి వంగి నడుస్తుంటే ఒకదానికొకటి తగులుతాయి. నడవగలదు కానీ పది నిమిషాలకోసారి ఎక్కడైనా కూలబడాలి. లెక్కల్లో మాత్రం తరగతిలో దాని తరవాతే ఎవరైనా. పావని దాని పక్కన కూర్చోవడానికి మిగతా పిల్లలతో పోట్లాడేది.

రేచల్ నాకంటే నాలుగేళ్లు చిన్న. పగలు కూలికి పోయొచ్చి సాయంత్రాలు నా దగ్గర కాజాలు, గుండీలు కుట్టేది. బడి మొదలయ్యే రోజుల్లో యూనిఫారాలు కుప్పలు పడతాయి, ఆమె చెయ్యి లేకపోతే నాకు జరగదు. ఆరేళ్లుగా ఒకే ఫ్యాను కింద కూర్చున్నాం. నా మొగుడి గురించి నేను ఆమెకి చెప్పినవి మా అమ్మకి కూడా చెప్పలేదు. రేచల్ పెద్దగా మాట్లాడదు, వింటుంది. సునీతక్కా అని పిలిస్తే ఆ పిలుపులో కొంచెం గర్వం ఉండేది, అక్క చైర్మన్ అయిందని.

గోడ మాట మొదలైన వారంలో మా ఆయన అన్నం తింటూ చెప్పాడు.

"గోడకు రాయంతా రామాంజన్న ఇస్తాడంట. తోలేది గూడా మన ట్రాక్టరే. అయితే ఎనక సందు పెట్టొద్దంటాండాడు. పాలెమోళ్లు యార్డు ఎంబడి నడుస్తాంటే కొత్త షెడ్డు ఏసుకోను కుదరట్లేదంట. మీ ఆమే గదా చైర్మను, చూస్కోమన్నాడు."

పిల్లలెట్ల వస్తారని అడిగాను. రోడ్డుంది గదా అన్నాడు. ఆ పైన నేనేమీ అడగలేదు. ఆ రెండు మాటలతో ఆ సంగతి మా ఇంట్లో తేలిపోయింది.

రెండు రోజుల తరవాత రేచల్ గుండీలు కుడుతూ, మీటింగు ఎప్పుడు పెట్టినా ఆదివారం పగలు వద్దక్కా, ఆరాధనలో ఉంటాం, సాయంత్రం పెడితే పాలెమంతా వస్తాం అంది. వెనకవైపు ఒక చిన్న గేటు అడగాలని వాళ్లంతా అనుకున్నారట. నా నోట్లో గుండుసూదులు ఉన్నాయి. తలూపాను. సూదులు తీసి కూడా చెప్పొచ్చు ఏదో ఒకటి. తలూపి ఊరుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వెంకటస్వామి సారు ఫోన్ చేశారు. సోమవారానికల్లా తీర్మానం కావాలని ఇంజనీరు అడుగుతున్నాడట. రేపు ఆదివారం పదకొండుకి పెడితే కార్ఖానాల వాళ్లకి సెలవు, అందరూ దొరుకుతారు, కానీ పాలెం వాళ్లకి చర్చి ఉంటుందేమో, సాయంత్రానికి మార్చమంటారా అని ఆయనే అడిగారు. ఆయనకి తట్టింది. నాకు తట్టలేదని చెప్పుకునే వీలు కూడా ఆయన నాకు మిగల్చలేదు.

"పగలే పెట్టండి సార్. పాలెంలో నేను చెప్తాలే, వస్తారు" అన్నాను.

మీటింగు కబురు ఫోన్ల గ్రూపులో పెట్టారు. పాలెంలో ఆ గ్రూపులో ఉన్న తల్లి ఒక్కతీ లేదు, అందుకే ఎప్పుడూ వాళ్లకి నోటి కబురే, ఆ కబురు మోసేది నేనే. ఆ సాయంత్రం రేచల్ వచ్చింది. రెండు గంటలు నా ఎదురుగా కూర్చుంది. మిరపకాయల ధర గురించి మాట్లాడాను, మార్కాపురంలో దారం రీళ్లు దొరకడం లేదని తిట్టాను, పావని జడ గురించి చెప్పాను. రేపు మీటింగన్న మాట మాత్రం చెప్పలేదు. లేచి పోతూ, పొద్దున చర్చికి పోవాల, తెల్లచీర ఇస్త్రీ చేస్కోవాల అంది. మంచిది పో అన్నాను.

ఎందుకు చెప్పలేదని తరవాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. భయమే. మా ఇల్లు ఆ ట్రాక్టరు మీద నడుస్తుంది. పాలెం వాళ్లు వస్తే గేటు అడుగుతారు, అడిగితే న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, చైర్మన్‌గా నేను అటే మాట్లాడాలి. వాళ్లు రాకపోతే నాకా ఇబ్బంది లేదు. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికి ఇంకా సిగ్గు. గోడ తొందరగా లేవాలి, గొడవల్లేకుండా లేవాలి, సునీత ఉన్నప్పుడు కట్టారు అనిపించుకోవాలని ఉండేది. కెజియా కాళ్లు ఆ రోజు గుర్తుకు రాలేదంటే అది ఇంకో అబద్ధమవుతుంది. గుర్తుకొచ్చాయి. ఎవరైనా సైకిలు మీద దింపుతారులే అనుకున్నాను.

ఆదివారం పదకొండుకి బడి ముందర సారు సున్నంతో నేల మీద బడి పటం గీశారు. గదులు, బోరు, వంటగది, ముందు గేటు, చుట్టూ గోడ. వెనక సందున్న చోట గీత ఆపి ఖాళీ వదిలారు. మనిషికి మూడు చింతగింజలు ఇచ్చారు. ఎవరికేది ముఖ్యమనిపిస్తే అక్కడ గింజ పెట్టాలి, చదువు రానివాళ్లు కూడా ఇట్లా మాట చెప్పగలుగుతారని ట్రైనింగులో నేర్పారట. నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ అందరూ పెట్టారు. ఆడవాళ్ల గింజలన్నీ మరుగుదొడ్ల దగ్గర పడ్డాయి. మగవాళ్లవి ముందు గేటు దగ్గర, పైన ఆర్చి కావాలని.

ముసలి మస్తానమ్మ ఒక్కతే వంగి వెనక సందు దగ్గర గింజ పెట్టింది. పాలెం పిల్లకాయలు ఎట్ల వస్తారు మరి అంది. రోడ్డు ల్యాదా అవ్వా అన్నాడు రామాంజన్న. అందరూ నవ్వారు. నా చేతిలో అప్పటికి ఒక గింజ మిగిలుంది. దాన్ని మస్తానమ్మ గింజ పక్కన పెట్టొచ్చు. రెండు గింజలతో సందు మిగిలేది కాదు, నిజమే, కానీ చైర్మన్ అక్కడ పెడితే సారు ఆగి అడిగేవాళ్లు. నేను దాన్ని ఆర్చి మీద పెట్టాను.

సారు చుట్టూ చూసి, పాలెం నుంచి ఒక్కరూ రాలేదేమని అడిగారు. చెప్పినాను సార్, చర్చిలో ఉన్నారేమో అన్నాను. తీర్మానంలో ‘గ్రామస్తులందరూ ఏకగ్రీవంగా’ అని రాశారు. మొదటి సంతకం నాది.

రాయి తోలడం మర్నాడే మొదలైంది. ఎండాకాలం సెలవుల్లో పని పరుగెత్తింది. ఊళ్లో వాళ్లు తలా రెండు రోజులు పని చేశారు, అన్నం వండి పంపారు, యువకులు రంగులేశారు. అది కూడా చెప్పాలి, ఊరు నిజంగా బాగా చేసింది. వెనక గోడ నడుం ఎత్తు లేచిన రోజు రేచల్ మామ ఏలీయా వచ్చి గోడకి అటువైపు చాలాసేపు నిలబడ్డాడట. ఆయన చర్చిలో పెద్ద. మేస్త్రీని అడిగితే, తీర్మానం అట్లనే ఉంది పెద్దాయనా అన్నాడట.

ఆ సాయంత్రం రేచల్ వచ్చి దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఎనక దారి పెట్టల్యాదంట గదక్కా?"

"అందరూ వద్దనే అన్నారు రేచల్. మీరు ఒక్కరన్నా రాకపోతిరి."

నేను అన్న మాట అది. ఎవరూ నా చెయ్యి పట్టుకుని అనిపించలేదు. రేచల్ తలెత్తి ఒక్కసారి చూసింది. సరేలేక్కా అని సూది బట్టలోకి దించింది. ఆ రోజు కుట్టిన చొక్కాల గుండీలు ఒక్కటీ వంకర పోలేదు.

జూన్‌లో బడి తెరిచారు. ఆర్చి కింద నిలబడి అందరం ఫొటోలు దిగాం. పక్క ఊళ్ల కమిటీల వాళ్లు చూడ్డానికొచ్చి, గోడంటే ఇట్లుండాల అన్నారు. కొత్త మరుగుదొడ్లకి తలుపులున్నాయి, తలుపులకి గొళ్లాలున్నాయి. పావని ఇంటికొచ్చి అదే పెద్ద సంగతిలాగా చెప్పింది. నేను నవ్వుతూనే ఉన్నాను. పాలెం పిల్లలు మాత్రం చెమటలు కారుతూ రోడ్డు మీదుగా గుంపుగా వస్తున్నారు, వాళ్లందరి వెనక, ఎంతో వెనక, కెజియా.

తొమ్మిది రోజులు వచ్చింది. బస్సులు ఆగే చోట ఒకసారి, పిండిమర అరుగు మీద ఒకసారి కూర్చుని లేచి వచ్చేదట. ప్రార్థన అయిపోయాక, ఒక్కోసారి మొదటి క్లాసు అయిపోయాక చేరేదట. ఎవరో సైకిలు మీద దింపుతారనుకున్నాను చూడండి, పాలెంలో మగవాళ్లు తెల్లారే కూలికి పోతారు, సైకిళ్లు వాళ్లతో పోతాయి. పదో రోజు కెజియా రాలేదు. ఆ వారమంతా రాలేదు. జ్వరమేమోలే అన్నాను పావనితో.

"జ్వరం కాదమ్మా, గోడ" అంది పావని. అని తన పుస్తకం తాను తీసుకుని కూర్చుంది. పదమూడేళ్ల పిల్లకి తెలిసింది నాకు తెలియనట్టు నటించాను.

బ్లౌజు ముక్కలు ఇచ్చే వంకతో పాలెం పోయాను. కెజియా వరండాలో కాళ్లు జాపుకుని పలకలకి చెక్క చట్రాలు బిగిస్తోంది. ఇంటికి తెచ్చి చేసే పని అది, ఆడవాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు చేస్తారు. దాని పక్కన చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది.

"పెద్దమ్మా, పావని లెక్కల నోట్సు ఒకపూట ఇస్తాదా? ఇంటికాడ రాస్కుంటా. రైలుబండి లెక్కలు మొదులుపెట్టినారంట గదా."

ఇస్తుందిలే అన్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్లు తెస్తానని లేవబోయింది, వద్దని బతిమాలి కూర్చోబెట్టాను. రేచల్ ఇంకా కూలి నుంచి రాలేదు. వచ్చేలోపల వెళ్లిపోవాలని తొందరగా నడిచాను.

ఆ తరవాత రేచల్ నా ఎదురుగా కూర్చున్న ప్రతి సాయంత్రం నాకు శిక్షే. ఆమె ఏమీ అనదు. పిల్లకి కాలు నొప్పంటాది అని మాత్రం ఒకసారి అంది, అది కూడా నేను అడిగితేనే. ఇక ఈ ఏడాదితో దాని చదువు ఆగిపోతుందా అని అడగడానికి నోరు రాలేదు. ఆగిపోతుందని తెలుసు. మా వైపు ఆడపిల్ల ఒక్క నెల ఇంట్లో కూర్చుందంటే ఇంట్లో పని దాని చుట్టూ అల్లుకుంటుంది, మళ్లీ లేవనివ్వదు.

రెండు వారాలు చూసి సారు దగ్గరికి పోయాను. వెనక ఒక గేటు పెట్టించండి సార్ అన్నాను. గోడ తీర్మానం ప్రకారం కట్టాం కదమ్మా, ఊరందరి మాట కదా, మార్చాలంటే మళ్లీ ఊరు కూర్చోవాలి అన్నారు. అప్పుడు చెప్పాను. పాలెంలో నేను చెప్పలేదు సార్, కావాలనే చెప్పలేదు. ఆయన టేబుల్ మీది అటెండెన్సు రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. కోపం చేస్తారనుకున్నాను. చేయలేదు.

"నేను కూడా ఒకసారి పాలెం పోయి అడిగుండాల్సిందమ్మా. మీ మాట మీద ఉండిపోయాను" అన్నారు. ఆయన తప్పు ఏమీ లేకపోయినా ఆయన కూడా కొంత మోస్తున్నారని అర్థమై, నా బరువు తగ్గకపోగా పెరిగింది.

మా ఆయనతో గొడవైంది. నా పని పోతే ఇల్లు నువ్వు నడుపుతావా అన్నాడు. నడుపుతా అన్నాను. మాటకైతే అన్నాను కానీ ఎట్లా నడపాలో తెలియదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చొక్కా వేసుకుంటూ, ఆ పిల్ల బస్టాండుకాడ కూసోనుంటే నేనూ చూసినాలే అన్నాడు. అంతకంటే ఒప్పుకోవడం ఆయనకి రాదు.

ఈసారి మీటింగు బుధవారం సాయంత్రం ఆరింటికి. పాలెంలో యాభై గడపా నేనే తిరిగాను. కొందరు తల మాత్రం ఊపారు. ఒకామె, మాకెందుకులేమ్మా మీ మీటింగులు అని గడప లోపలికి పోయింది. ఏలీయా మంచం చూపించి కూర్చోమన్నాడు. కోడలు లోపల పొయ్యి దగ్గరుంది. ఆమెతో చెప్పు అన్నట్టు అటు చెయ్యి చూపించి బయటికి పోయాడు.

వచ్చారు. అరవై మందికి పైనే వచ్చారు, పనిబట్టల్లోనే. సారు మళ్లీ సున్నంతో పటం గీశారు. నేను లేచి నిలబడ్డాను.

"పోయినసారి మీటింగుకు పాలెమోళ్లు రాలేదని నేను చెప్పినా. వాళ్లు రాకపోవడం కాదు, నేనే వాళ్లకు చెప్పల్యా. ఆదివారం ఆరాధనలో ఉంటారని తెల్సే ఆ టయానికి పెట్టించినా. రామాంజన్న రాయి, మా ఆయన పని, అవి చూస్కోని చేసినా. తప్పు నాది. నన్ను చైర్మన్‌గా తీసేసినా సరే, గేటు మాత్రం పెట్టాల."

అందరికంటే ముందు మస్తానమ్మ, నోరున్నది గనక ఒప్పుకునింది, నోరు లేనోళ్లయితే అట్లనే మింగేసేటోళ్లు అంది. సారు చప్పట్లు కొట్టారు. ఊళ్లో వాళ్లు కొట్టారు. పాలెం వాళ్లు కొందరు కొట్టారు. రామాంజన్న లేచి, ఆ గోడ రాయి నాది అన్నాడు. డొంక పంచాయతీదని ఊరి భూముల పటంలో ఉందని సారు నెమ్మదిగా చెప్పారు. ఆయన టవలు దులిపి భుజానేసుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే మా ఆయన్ని ట్రాక్టరు దిగమన్నాడు. ఇప్పుడు మా ఆయన మార్కాపురంలో లోడింగు పనికి పోతున్నాడు.

గింజలు పెట్టమంటే వెనక సందు దగ్గర కుప్ప పడింది. ఊళ్లో ఆడవాళ్లు కూడా తలా ఒకటి అక్కడ పెట్టారు. రేచల్ వచ్చి, తన మూడు గింజలూ అక్కడే పెట్టి, నా వైపు చూడకుండా పోయింది. సిగ్గుపడుతోందనుకున్నాను. నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. చప్పట్లు నా చెవుల్లో మోగుతున్నాయి. తప్పు చేశాను, పదిమందిలో ఒప్పుకున్నాను, సరిచేశాను, మొగుడి పని కూడా పోగొట్టుకున్నాను. ఇంకేం కావాలి నా నుంచి అనుకున్నాను.

ఇరవై రోజుల్లో గోడ కొట్టి ఇనుప గేటు బిగించారు. డొంకలో రాయి పక్కకి తోశారు. గేటు తెరిచిన సోమవారం పొద్దున పనులన్నీ వదిలేసి నేను గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. పాలెం పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. కెజియా మధ్యలో వచ్చింది, వెనక కాదు. బ్యాగు రేచల్ మోసుకొచ్చింది. కెజియా నన్ను చూసి పెద్దమ్మా అని నవ్వి, బ్యాగు అందుకుని గంట కొట్టకముందే లోపలికి పోయింది. పావని దాని కోసం గది గుమ్మంలో నిలబడి ఉంది.

మీటింగయినప్పటి నుంచి రేచల్ కాజాలకి రావడం మానేసింది. యూనిఫారాలు పేరుకుపోయాయి. పిలుద్దామనుకుంటూనే పిలవలేదు. ఆ పొద్దు ఎదురుగా దొరికింది కదా అని అడిగేశాను, ఇంకా కోపమా రేచల్, అందరి ముందరా ఒప్పుకున్నాను గదా అని.

ఆమె గేటు ఊచ పట్టుకుని నిలబడింది. కోపం కనిపించలేదు. మనిషి చిక్కింది.

"నీ మీద కోపమేం ల్యాదక్కా. ఆ ఆదివారం ఆరాధన నడుమ మా మరిది ఊళ్లో నుంచొచ్చి చెప్పినాడు, బడికాడ పటం గీసి గింజలు పెడతాండారని. మామ లేచినాడు, పోదాం పదండన్నాడు. చర్చిలో సగం మంది లేచినారు. నేనే అందర్నీ కూసోబెట్టినా. సునీతక్క ఆడుంది, మన మాట అక్క చెప్తాది, ఆరాధన ఇడిసిపెట్టి పోవద్దని."

లోపల బడి గంట కొట్టారు.

"మీటింగులో నువ్వు ఒప్పుకున్నాక మామ నాతో మాట్లాడ్డం మానుకున్నాడు. అంతకుముందే సగం మానుకున్నాడులే. పాలెంలో ఎవరూ ఏమీ అనరు, నేను బోరుకాడికి పోతే మాటలాపుతారు, అంతే. నా పిల్లను నేనే ఇంట్లో కూసోబెట్టినట్టయింది." అంతదాకా బ్యాగు మోసిన భుజం చేత్తో రుద్దుకుంది. "నువ్వు లేచి చెప్పినావు, చప్పట్లు కొట్టినారు. నేను యాడ ఒప్పుకోవాలక్కా?"

కూలికి పొద్దుపోతోందని డొంకలోకి దిగి వెళ్లిపోయింది.